మార్మన్ మతము - అమెరికా అధ్యక్షపదవి

ప్రజాభిప్రాయ సేకరణలో పేరుపడిన గ్యాలప్ సంస్థవారు 1967లో అమెరికా పౌరుల నొక ప్రశ్న అడిగిరి. మీ పక్షమువారు అన్నివిధముల యోగ్యుడైన వ్యక్తి నొకనిని అధ్యక్షపదవికి నిలుపగా, అతడు మార్మన్ మతస్థుడైనచో, అతనికి వోటు వేయుదురా? నూటికి 17 మంది వేయమనిరి. నలుబదియైదేండ్ల తరువాత, 2012లో, ఆ ప్రశ్ననే మరల అడిగిరి. ఈసారి వేయమన్నవారు నూటికి 18 మంది.

ఈ నడుమ అమెరికాలో మారనిది ఏమున్నది? 1958లో నల్లజాతివానికి వోటు వేయుదుమన్నవారు నూటికి 38 మంది. 2012లో 96 మంది. 1937లో కాథలిక్కునకు వోటు వేయమన్నవారు నూటికి 30 మంది. 2012లో వారు అయిదుగురే. మార్మనుల విషయమున మాత్రము అంకె కదలలేదు. అయినను ఆ 2012 నవంబరులోనే మిట్ రామ్నీ యను మార్మనుడు రిపబ్లికన్ పక్షమున నిలిచి ఆరు కోట్లకు పైగా వోట్లు పొందెను. నూటికి 47 వంతులు. ఓడిపోయినమాట నిజమే కాని, ఆ ఓటమి ఏ రిపబ్లికన్ అభ్యర్థియైనను పొందదగిన ఓటమివలెనే ఉండెను. మరి వేయమన్న ఆ పదునెనిమిది మంది మాట ఏమైనట్లు? ఇది తెలియవలెనన్న కొంత వెనుకకు పోవలెను.

మార్మన్ మతము అమెరికా గడ్డమీదనే పుట్టినది. జోసెఫ్ స్మిత్ అను యువకుడు తనకు దేవదూత దర్శనమిచ్చి బంగారు రేకులపై చెక్కిన ప్రాచీన గ్రంథమును చూపెనని చెప్పి, 1830లో మార్మన్ గ్రంథమును ప్రకటించి, ఆ యేటనే న్యూయార్కు రాష్ట్రమున తన సంఘమును స్థాపించెను. బైబిలుతోబాటు మరియొక పవిత్రగ్రంథము కలదనుట, ప్రవక్తల కాలము ముగియలేదనుట ఇరుగుపొరుగు క్రైస్తవులకు మింగుడుపడలేదు. అంతకంటెను వారిని కలవరపెట్టినది ఈ సంఘము యొక్క కట్టుబాటు. మార్మనులు ఎక్కడకు పోయినను గుంపుగా పోయిరి, గుంపుగా భూములు కొనిరి, గుంపుగా వోట్లు వేసిరి. మిస్సోరీ రాష్ట్రమున స్థానికులతో కలహములు ముదిరి, 1838 అక్టోబరులో ఆ రాష్ట్ర గవర్నరు మార్మనులను నిర్మూలింపుడు, లేదా వెడలగొట్టుడు అని ఉత్తరువు చేసెను. ఆ ఉత్తరువు లాంఛనముగ రద్దయినది 1976లో అని చెప్పిన శ్రోతలు ఆశ్చర్యపడుదురేమో.

తరిమివేయబడినవారు మిసిసిపీ నదీతీరమున, ఇల్లినాయి రాష్ట్రములో, నావూ అను నగరమును నిర్మించుకొనిరి. కొలది యేండ్లలోనే అది ఆనాటి చికాగోకు సాటివచ్చు పట్టణమైనది. స్మిత్ దానికి మేయరు, దాని సైనికదళమునకు అధిపతి, దాని ప్రవక్త. మిస్సోరీలో పోయిన ఆస్తులకు పరిహారము కోరుచు ఆతడు 1839లో వాషింగ్టను నగరమునకు పోయి అధ్యక్షుడు వాన్ బ్యూరెనును స్వయముగ కలిసికొనెను, వట్టిచేతులతో తిరిగివచ్చెను. 1843 చివర, రాబోవు ఎన్నికలలో నిలువగలరనుకొన్న అయిదుగురు ప్రముఖులకు లేఖలు వ్రాసి, మా ప్రజల విషయమున మీరేమి చేయుదురని అడిగెను. తృప్తికరమైన మాట ఎవ్వరినుండియు రాలేదు. అంతట 1844 జనవరిలో స్మిత్ తానే అధ్యక్షపదవికి నిలిచెను.

ఆతని ఎన్నికల ప్రణాళికను నేడు చదివినవారు దానిని వట్టి మతావేశమని త్రోసివేయలేరు. ప్రభుత్వ భూములను విక్రయించి వచ్చిన ధనముతో యజమానులకు వెలయిచ్చి 1850 నాటికి బానిసలనందరిని విడిపింపవలెనని అందులో కలదు. కారాగారములను సంస్కరింపవలెననియు, జాతీయ బ్యాంకును నెలకొల్పవలెననియు, కాంగ్రెసు సభ్యుల సంఖ్యను తగ్గింపవలెననియు కలదు. మూడువందలకు పైగా మతప్రచారకులు ఆతని పక్షమున ప్రచారము చేయుటకు రాష్ట్రములకు బయలుదేరిరి. ఇంతలో నావూలో తన్ను విమర్శించిన వార్తాపత్రిక ముద్రణాలయమును పురపాలక సంఘము నిర్ణయమునుబట్టి స్మిత్ ధ్వంసము చేయించెను. ఇది ఆతడు చేసిన పెద్ద తప్పు. చిన్నదిగ చూపుటకు వీలులేనిది. నిర్బంధింపబడి కార్తేజి పట్టణపు చెరసాలలో నుండగా, 1844 జూన్ 27న, ముఖములకు మసిపూసికొనిన మూక లోనికి చొరబడి ఆతనిని, అన్న హైరమును కాల్చిచంపెను. అమెరికాలో అధ్యక్షపదవికి అభ్యర్థిగ నుండగనే హతుడైన మొదటివాడు ఈతడే.

ఇక్కడ గమనింపవలసినది ఒకటి కలదు. ఇల్లినాయి ప్రజలు స్మిత్ యొక్క దేవదూతలను చూచి అంతగా భయపడలేదు. ఒకే మనుష్యుని చేతిలో వోట్లు, తుపాకులు, దైవవాక్కు మూడును చేరుట చూచి భయపడిరి. ఆ భయము చాలకాలము నిలిచినది. బ్రిగం యంగ్ నాయకత్వమున 1847లో మార్మనులు ఎడారి దాటి సాల్ట్ లేక్ లోయ చేరిన పిమ్మట బహుభార్యాత్వము ఆ భయమునకు తోడయ్యెను. రిపబ్లికన్ పక్షము తన మొదటి అధ్యక్ష ఎన్నికలలోనే, అనగా 1856లో, బానిసత్వమును బహుభార్యాత్వమును ఒకేగాట కట్టి అనాగరకమని ఖండించెను. ఆ పక్షమే కాలాంతరమున మార్మనుల సొంత యిల్లయినది! 1890లో సంఘాధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్ బహుభార్యాత్వమును విడువుడని ప్రకటించెను. 1896లో యూటా రాష్ట్రమైనది. అయినను, ఏకపత్నీకుడైన రీడ్ స్మూట్ సెనేటునకు ఎన్నికైనప్పుడు, మార్మన్ పెద్దలలో నొకడైన ఆతనిని కూర్చుండనీయవచ్చునా యని 1904 మొదలు 1907 వరకు విచారణ సాగెను. రాజ్యాంగము ఆరవ అధికరణమున ఏ ప్రభుత్వపదవికిని మతపరీక్ష కూడదని స్పష్టముగ చెప్పుచున్నది. కాని చట్టము పెట్టరాని పరీక్షను వోటరు తన మనస్సులో పెట్టుకొనినచో ఆపగలవారెవరు?

మొదట చెప్పిన 1967 నాటి ప్రశ్న వట్టి కుతూహలముతో అడిగినది కాదు. మిషిగన్ గవర్నరు జార్జి రామ్నీ ఆనాడు అధ్యక్షపదవిని ఆశించుచుండెను. ఆయన మెక్సికోలో పుట్టినవాడు; బహుభార్యాత్వమును నిషేధించు చట్టములకు వెరచి ఆయన తాతతరమువారు అచటికి తరలిపోయిరి. అయినను ఆయన అభ్యర్థిత్వము దెబ్బతినినది మతముచేత కాదు. వియత్నాం యుద్ధవిషయమున సేనానులు, దౌత్యాధికారులు తన బుద్ధిని కడిగివేసిరని నోరుజారి ఒక్కమాట అనెను. ఆ మాటతో పలుచనై 1968 ఫిబ్రవరిలో తప్పుకొనెను.

1976లో మోరిస్ యూడాల్ కథ మరింత విచిత్రమైనది. ఆయన మార్మన్ కుటుంబమున పెరిగి, నల్లజాతివారికి పౌరోహిత్యము నిరాకరించు నియమము నచ్చక సంఘమునకు దూరమైనవాడు. డెమొక్రాటిక్ పక్షపు అభ్యర్థిత్వమునకై మిషిగనులో కార్టరుతో పోటీపడుచుండగా, కార్టరును బలపరచుచున్న డెట్రాయిట్ మేయరు ఆ నియమమునే యెత్తి నల్లజాతి వోటర్లయెదుట యూడాలును నిందించెను. యూడాల్ అచట అతిస్వల్పమైన తేడాతో ఓడెను. ఏ నియమమునకై గుడి విడిచెనో ఆ నియమమే ఆతని మెడకు చుట్టుకొనినది. సంఘము ఆ నియమమును 1978లో తొలగించెను.

జార్జి కుమారుడు మిట్ రామ్నీ 1994లో మసాచుసెట్స్ రాష్ట్రమున సెనేటునకు నిలిచినప్పుడు ప్రత్యర్థి ఎడ్వర్డ్ కెనెడీ. కెనెడీ పక్షమువారు మార్మన్ సంఘపు పూర్వనియమములను ప్రస్తావింపగా, మీ యన్న జాన్ కెనెడీ 1960లో సాధించిన విజయమును మీరే రద్దుచేయుచున్నారా యని రామ్నీ ప్రశ్నించెను. మాట సరిగ తగిలినది. కాని జాన్ కెనెడీతో పోలిక తనకు ఎంతవరకు పనికివచ్చునో రామ్నీకి తరువాత తెలియవచ్చినది.

1960 సెప్టెంబరులో కెనెడీ హ్యూస్టన్ నగరమున ప్రొటెస్టంటు పాదరుల యెదుట నిలిచి, పోపు ఆజ్ఞలు తన ప్రభుత్వమును నడపవని మాట యిచ్చెను. 2007 డిసెంబరు 6న రామ్నీయు టెక్సాసులోనే, కాలేజి స్టేషన్ పట్టణమున, తన మతమునుగూర్చి ప్రసంగించెను. తన సంఘాధికారులు తన నిర్ణయములను శాసింపరనెను. తన విశ్వాసమును మాత్రము విడువననెను. ఆ ప్రసంగమంతటిలో మార్మన్ అను పదము ఒక్కటే సారి వచ్చినది! కెనెడీని అడిగినవారికి కావలసినది హామీ. రోమునగరపు అధికారము శ్వేతభవనములోనికి రాదను హామీ. హామీ యిచ్చుట ఏ రాజనీతిజ్ఞునికైనను సాధ్యమే. రామ్నీని అడిగినవారు సాల్ట్ లేక్ పెద్దలకు భయపడలేదు. నీవు కొలుచు క్రీస్తు మేము కొలుచు క్రీస్తేనా యని వారు అడుగుచుండిరి. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురును వేర్వేరు వ్యక్తులని మార్మనులు నమ్ముదురు. తండ్రియైన దేవునికి శరీరము కలదని నమ్ముదురు. ఎవాంజెలికల్ క్రైస్తవులకు ఇవి చిన్న భేదములు కావు. పైగా రెండు వర్గములును ఇంటింటికి తిరిగి మతము బోధించునవే, ఒకరి మందలోని గొఱ్ఱెలకై వేరొకరు చేయి చాచునవే. దక్షిణ బాప్టిస్టులు తమ 1998 మహాసభను సాల్ట్ లేక్ నగరములోనే జరిపి వీధివీధిని ప్రచారము చేసిరి. ఈ ప్రశ్నకు ఏ ప్రసంగముతోను సమాధానము దొరకదు.

సంఖ్యల బలమునను కెనెడీకిని రామ్నీకిని సాటిలేదు. కాథలిక్కులు ఆనాడు అమెరికా జనాభాలో సుమారు నాలుగవ వంతు. ఒకచోట పోగొట్టుకొనినదానిని మరియొకచోట రాబట్టుకొనుటకు కెనెడీకి వీలుండెను. మార్మనులు నూటికి ఇద్దరు. వారిలో చాలమంది యూటాలోను, దాని పరిసరములలోను ఉన్నవారు. ఎట్లును రిపబ్లికన్ పక్షమునకే వోటు వేయువారు. కనుక మతముచేత రామ్నీకి కలుగు నష్టమును పూడ్చు లాభము ఎచటనుండియు రాదు.

ఆ నష్టము ఎక్కడ కలిగినదో అయోవా రాష్ట్రము చూపినది. 2008 జనవరిలో పక్షపు అభ్యర్థిని ఎంచుకొనుటకై అచట కూడిన రిపబ్లికనులలో నూటికి 60 మంది ఎవాంజెలికల్ క్రైస్తవులు. వారిలో 46 వంతులు బాప్టిస్టు పాదరియైన హక్కబీకి, 19 వంతులు మాత్రమే రామ్నీకి వేసిరి. హక్కబీ గెలిచెను; ఫిబ్రవరిలో రామ్నీ తప్పుకొనెను. 2012లో మరల అదే అయోవాలో శాంటోరమ్ 34 వోట్ల తేడాతో రామ్నీని మించెను; దక్షిణ కరొలినాలో గింగ్రిచ్ గెలిచెను. శాంటోరమ్, గింగ్రిచ్ ఇరువురును కాథలిక్కులు. కెనెడీకి జడిసిన ప్రొటెస్టంటుల మనుమలు మార్మనును తప్పించుటకు కాథలిక్కులను వెదకికొనిరి.

అయినను ఆ వోట్లు చీలిపోయి, అభ్యర్థిత్వము రామ్నీకే దక్కినది. అంతటితో గాలి మారినది. మార్మన్ మతము క్రైస్తవము కాదని 2011లో బహిరంగముగ నిందించిన డల్లసు నగరపు ప్రముఖ బాప్టిస్టు పాదరి యొకడు 2012 ఏప్రిలులో ఒబామాకంటె రామ్నీయే మేలనెను. అక్టోబరులో రామ్నీ వృద్ధుడైన బిల్లీ గ్రాహమును దర్శించి వచ్చిన కొలదిదినములకే, గ్రాహమ్ సంస్థవారు తాము ప్రకటించిన తప్పుడు మతముల జాబితానుండి మార్మన్ మతమును తీసివేసిరి. సిద్ధాంతములో ఒక్క అక్షరమైనను మారలేదు. ఎదుట నిలిచిన ప్రత్యర్థి మారెను. నవంబరులో శ్వేతజాతి ఎవాంజెలికల్ వోటర్లలో నూటికి 79 మంది రామ్నీకి వేసిరి. 2004లో తమవాడనుకొన్న జార్జి బుష్ కును వారు వేసినది సరిగ అంతే.

కనుక గ్యాలప్ వారికి వేయమని చెప్పినవారు అబద్ధమాడిరనరాదు. ఎదుట మరియొక రిపబ్లికను నిలిచియున్నంతకాలము వారు మాట నిలుపుకొనిరి; ఎదుట డెమొక్రాటు నిలువగానే పక్షాభిమానము మతాభిమానమును మింగివేసినది. 2012 జూన్ నాటి లెక్కలలోనే ఈ మార్పు కనబడుచున్నది. మార్మనునకు వోటు వేయమన్న రిపబ్లికనులు నూటికి 10 మంది కాగా, డెమొక్రాటులు 24 మంది. ఈ యిరువదినలుగురిలో చాలమంది ఏ మతస్థుడు నిలిచినను రిపబ్లికనునకు వేయువారు కారు.

ఇక మార్మన్ వోటర్ల సంగతి. 2012లో యూటా రాష్ట్రము రామ్నీకి నూటికి 73 వంతుల వోట్లిచ్చెను. 2015 డిసెంబరులో, మహమ్మదీయులను దేశములోనికి రానీయరాదని డొనాల్డ్ ట్రంప్ పలికిన మరునాడు, మార్మన్ సంఘము చిన్న ప్రకటన నొకదానిని వెలువరించెను. అందు ఏ అభ్యర్థి పేరును లేదు. మతస్వేచ్ఛనుగూర్చి జోసెఫ్ స్మిత్ పలికిన మాటలును, నావూ పురపాలక సంఘము 1841లో చేసిన శాసనమును ఉండెను. కాథలిక్కులు మొదలు మహమ్మదీయుల వరకు ఎల్ల మతములవారికిని తమ నగరమున సమానమైన స్వేచ్ఛ కలదని ఆ శాసనము చెప్పుచున్నది. మరుసటియేడు ఎవాన్ మెక్ మల్లిన్ అను మార్మనుడు ఏ పక్షమునకును చెందక నిలువగా, యూటాలో నూటికి 21 మందికి పైగా ఆతనికి వేసిరి. ట్రంప్ అచట గెలిచినను ఆతనికి వచ్చినవి 45 వంతులే. మెక్ మల్లిన్ లేని 2020లో యూటా మరల 58 వంతులు ట్రంప్ కు వేసినది.