గుండె దడ, నిద్రలేమి వేధిస్తున్నాయా? కంభం నుంచే ఫోన్‌లో కౌన్సెలింగ్
చిన్న విషయానికే గుండె దడ, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం, ఏదో జరిగిపోతుందన్న భయం.. ఇవి రోజుల తరబడి వదలకపోతే యాంగ్జైటీ కావచ్చు. కంభం నుంచి ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి వంద కిలోమీటర్ల పైమాటే. బస్సు ఛార్జీ సరే, ఇంట్లో ఏమని చెప్పి వెళ్లాలన్నదే చాలామందికి అసలు ఇబ్బంది. అలాంటివాళ్లు ముందు 14416కు కాల్ చేయొచ్చు. కేంద్రం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలీ మానస్ సర్వీస్ ఇది. 24 గంటలూ పనిచేస్తుంది, పైసా ఖర్చుండదు. తెలుగు ఎంచుకుంటే కౌన్సెలర్ లైన్‌లోకి వస్తారు. అవసరమనిపిస్తే సైకియాట్రిస్ట్‌తో మాట్లాడిస్తారు. వివరాలు గోప్యంగా ఉంచుతారు. ఇప్పటికే మందులు వాడుతున్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ఆపేయొద్దు. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే మాత్రం టెన్షనేలే అని ఊరుకోకుండా వెంటనే 108కు ఫోన్ చేయాలి.