పుండుకు పేరు పెట్టడం: ఐర్లండు చెప్పే పాఠం

ఐర్లండు అనగానే సాహిత్యాభిమానులకు ఆస్కార్ వైల్డ్ గుర్తుకొస్తారు. ఆయన తండ్రి సర్ విలియం వైల్డ్ డబ్లిన్‌లో పేరుమోసిన కంటి, చెవి వైద్యులు. జబ్బుల లెక్కలు రాయడంలో ఆ దేశానికి దారి చూపింది కూడా ఆయనేనని చాలామందికి తెలియదు. 1841, 1851 జనాభా లెక్కల్లో మరణాల పట్టికల పని ఆయన చేతుల మీదుగా సాగింది. ఆ రెంటికీ నడుమ మహాక్షామం దేశాన్ని కుదిపేసింది. మరణాల నమోదు చట్టం 1864 గాని అమలులోకి రాలేదు. అంతవరకు ఇంటివాళ్లు చెప్పిన మాటే ఆధారం. అందుకే వైల్డ్ పల్లె జనం ఐరిష్ భాషలో జబ్బులకు పెట్టుకున్న పేర్లను కూడా సేకరించారు.

ఆ అవసరం మనకు తెలియనిది కాదు. "కాలికి పుండు పడింది" అంటాం. దెబ్బ తగిలిందా? చక్కెర వ్యాధా? నరాలు ఉబ్బాయా? రక్తం సరిగా అందడం లేదా? మాట ఒకటే, వైద్యం వేరు. ఉబ్బు నరాల పుండుకు బిగువు కట్టు మేలు చేస్తుంది. రక్తం అందని కాలికి అదే కట్టు కడితే కాలికే ముప్పు.

జబ్బులకు అంతర్జాతీయ పట్టిక 1893లో జాక్ బెర్టిలాన్ చేతిలో రూపుదిద్దుకుంది. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ బాధ్యత తీసుకుంది. పదవ కూర్పులో మోకాలి కింది తెగిన గాయానికి ఎస్81, ఉబ్బు నరాల పుండుకు ఐ83, మరో చోట చేరని కాలి పుండుకు ఎల్97 అని కోడ్‌లు.

ఐర్లండులో ఆసుపత్రుల రికార్డులను కోడ్‌లుగా మార్చే 'హైప్' విధానం 1971లో మొదలైంది. 2005 నుంచి ఆస్ట్రేలియా కూర్పును వాడుతున్నారు. 2014లో ఆ పని హెల్త్‌కేర్ ప్రైసింగ్ ఆఫీసుకు చేరింది. ఆసుపత్రులకు నిధులు లెక్కగట్టడానికీ ఈ కోడ్‌లే ఆధారం. కోడర్ తనంతట తాను ఊహించి రాయకూడదు. డాక్టరు కాగితం మీద పెట్టిందే కోడ్ అవుతుంది. "కాలి పుండు" అని మాత్రమే రాస్తే, దాని వెనుక ఉన్న కారణం లెక్కలోంచి జారిపోతుంది.

హైదరాబాదులో కూర్చుని అమెరికా ఆసుపత్రుల రికార్డులు కోడ్ చేసే మన పిల్లలకు ఈ సంగతి బాగా తెలుసు. 2015 అక్టోబరు 1 నుంచి అమెరికా కోడ్‌లు ఏ కాలు, ఏ చోటు, పుండు ఎంత లోతు అని కూడా అడుగుతున్నాయి.

ఏ దేశంలో ఉన్నా మన వైద్యులకూ, నర్సులకూ ఒక మనవి. పుండు కొలతతో పాటు దాని కారణాన్ని కూడా రాయండి. అమ్మానాన్నలను ఆసుపత్రికి తీసుకెళ్లే మనం "పుండు" అని ఊరుకోకుండా, అది ఎప్పుడు, ఎలా మొదలైందో, చక్కెర వ్యాధి ఎన్నేళ్లుగా ఉందో చెబుదాం. నూట ఎనభై ఏళ్ల కిందట వైల్డ్ పల్లెవాసుల మాటను చెవినిబెట్టి రాసుకున్నారు. ఆ మాట స్పష్టంగా చెప్పడం మన వంతు.