ప్లైవుడ్ వెన్నెముకతో పరిగెత్తిన కారు

1959లో బ్రిటన్‌లో పుట్టిన మార్కోస్ అనే రేసు కారుకు ఛాసిస్ ప్లైవుడ్‌తో చేశారు. పైన తొడుగు కాదు, సీట్ల కింది చట్రం కాదు. ఇంజను బరువునూ, మలుపుల్లో పుట్టే మెలికనూ మోసే అసలు ఎముకల గూడే జిగురుతో అతికించిన పల్చటి చెక్కది. జెమ్ మార్ష్, ఫ్రాంక్ కాస్టిన్ తమ ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిపి దానికి పేరు పెట్టారు. పైకి లేచే తలుపులు, ముక్కలుగా అతికిన ముందు అద్దం ఉన్న ఆ తొలి రకం పది లోపే తయారైంది. చూడ్డానికి అందమైనది కాదు, కానీ పందేల్లో గెలిచింది. తర్వాత మూడుసార్లు ప్రపంచ విజేత అయిన జాకీ స్టీవర్ట్ తొలినాళ్లలో నడిపిన కార్లలో మార్కోస్ ఒకటి. దీన్ని వింత వస్తువుల జాబితాలో పడేసి ఊరుకోవడం అన్యాయం. ఇది పాతకాలపు పనితనానికి చివరి గుర్తు కాదు, రాబోయే ఇంజనీరింగ్‌కు ముందడుగు.

ఆధారం కాస్టిన్ పనిచేసిన చోటే ఉంది. ఆయన డి హావిలాండ్ విమానాల కంపెనీలో గాలిప్రవాహాల నిపుణుడు. లోటస్ ఎలెవెన్‌కూ, 1958లో ఫార్ములా వన్ తయారీదారుల తొలి టైటిల్ గెలిచిన వాన్వాల్‌కూ రూపం దిద్దింది ఆయనే. డి హావిలాండ్ 1940లో ఎగరేసిన మస్కిటో యుద్ధవిమానానికి పైనా కిందా బర్చ్ ప్లైవుడ్, మధ్యలో తేలికైన బాల్సా. చెక్క నార పొడుగునా గట్టిది, అడ్డంగా బలహీనం. అందుకే పొరల నారను ఒకదానికొకటి అడ్డంగా పేర్చి అతికిస్తే ఆ లోపం తీరుతుంది. అలాంటి పలకలతో మూసిన పెట్టెలు కట్టి కలిపితే, తక్కువ బరువుకే మెలిపడని గూడు వస్తుంది. మార్కోస్‌లో జరిగింది ఇదే. గుర్రబ్బళ్ల నుంచి తొలి మోటార్ల దాకా వాడిన కర్ర చట్రాలను దీనికి పూర్వీకులనడం సరికాదు. అది కోత పని, ఇది జిగురు పని. మోర్గన్ కార్లనూ ఇక్కడికి లాక్కురాకూడదు. వాటిలో యాష్ కర్ర బాడీ రేకులను నిలబెట్టడానికే, ఛాసిస్ లోహమే.

తడికి చెక్క ఉబ్బదా, కుళ్లదా అని అడిగేవారికి గట్టి సాక్ష్యమే దొరుకుతుంది. 1944లో మన దేశంలో ఉన్న మస్కిటోలు కొన్ని గాలిలోనే విరిగిపోయాయి. మొదట ఇక్కడి ఎండనూ తేమనూ నిందించారు. పరిశీలించగా ఫ్యాక్టరీలో అతుకులు సరిగ్గా వేయకపోవడమే ముఖ్య కారణమని తేలింది. డి హావిలాండే రూపొందించిన వాంపైర్ జెట్‌ను ఆ తర్వాత భారత వైమానిక దళం వాడింది, బెంగళూరులో హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ తయారు చేసింది. పైలట్ కూర్చునే దాని నడిమి భాగం ప్లైవుడ్, బాల్సాలదే. జెట్ వేగాన్నీ మన వానలనూ తట్టుకున్న పద్ధతి రోడ్డు మీద పనికిరాదని ఎలా అంటాం? 1968లో స్పా వెయ్యి కిలోమీటర్ల పందెంలో, ఒక్కటే తయారైన మార్కోస్ మాంటిస్ ఎక్స్‌పీ కుండపోత వానకు ఆగిపోయింది. దాని గూడూ ప్లైవుడ్‌దే, కానీ నీళ్లకు చెడింది కరెంటు వ్యవస్థ. అయితే ఒక అభ్యంతరాన్ని ఒప్పుకోవాలి. జిగురు నాణ్యత, పనివాడి శ్రద్ధ తగ్గితే ఈ పద్ధతి క్షమించదు. లోపం పైకి కనిపించదు కూడా.

1969లో మార్కోస్ ఉక్కు గొట్టాల ఛాసిస్‌కు మారడానికి కారణం బలం చాలకపోవడం కాదు. చెక్క గూడు కట్టడానికి చేతిపని ఎక్కువ, కాలం ఎక్కువ. కొనేవాళ్లకు అనుమానమూ ఎక్కువే. కానీ ఆలోచన చావలేదు. 1966లో మెక్‌లారెన్ తొలి ఫార్ములా వన్ కారును అల్యూమినియం పొరల మధ్య బాల్సా పెట్టిన పలకలతో కట్టారు. 1981లో డిజైనర్ జాన్ బార్నార్డ్ అదే జట్టుకు కార్బన్ ఫైబర్ గూడు తెచ్చాడు. నారను బలం కావలసిన దిక్కుకు తిప్పి పొరలుగా అతికించడం, మూసిన గూడుగా మలచడం అక్కడా అవే సూత్రాలు. కార్బన్ చాలా గట్టిదన్న మాట నిజం, సూత్రం దానితోనే పుట్టిందనడం మాత్రం నిజం కాదు. పోయింది చెక్క కాదు. చిన్న షెడ్డులో నలుగురు మనుషులు, కొన్ని బిగింపులు, మంచి జిగురు ఉంటే అదే సూత్రంతో గెలిచే కారు కట్టగలిగిన అవకాశం పోయింది. కార్బన్ గూడుకు పెద్ద ఓవెన్ కావాలి, పెద్ద పెట్టుబడి కావాలి. మార్ష్, కాస్టిన్‌ల దగ్గర ఆ రెండూ లేవు.