సీటు కింది పానాల సంచి

1907 మే 28న ఐల్ ఆఫ్ మాన్ దీవిలో తొలి టీటీ మోటారు సైకిల్ పందెం జరిగింది. రెండు సిలిండర్ల తరగతిలో రెమ్ ఫౌలర్ అనే ఇంగ్లీషాయన పెజో ఇంజను బిగించిన నార్టన్ ఎక్కాడు. దారి 158 మైళ్లు, తారు ముఖం ఎరగని రోడ్లు. మధ్యలో ప్లగ్గులు మొరాయించాయి, బెల్టు ఏడిపించింది. ఏడో చుట్టులో గంటకు 60 మైళ్ల వేగం దగ్గర ఉండగా టైరు పేలి కిందపడ్డాడు. ఇక నావల్ల కాదని వదిలేయబోతుంటే, పక్కన నిలబడి చూస్తున్నాయన ఒకరు నీ తరగతిలో నువ్వు అరగంట ముందున్నావని చెప్పాడు. ఫౌలర్ లేచి, బండి సరిచేసుకుని, వెళ్లి గెలిచాడు. సగటు వేగం గంటకు 36.21 మైళ్లు.

రికార్డుల్లో ఆ గెలుపు నార్టన్ ఖాతాలో ఉంది. నన్నడిగితే అందులో సగం వాటా ఆయన వెంట ఉన్న పనిముట్లది. ఆ రోజుల్లో బండి నడపడమంటే బాగు చేసుకుంటూ పోవడమే. వెనక చక్రాన్ని తిప్పే బెల్టు వానకు జారేది, వాడే కొద్దీ సాగేది. సాగినప్పుడల్లా ఓ ముక్క కోసి, కొత్త కన్నం పొడిచి, కొక్కెం తగిలించాలి. కాబట్టి జీను వెనక తోలుసంచిలో పానాలతో పాటు కత్తి, చెప్పులు కుట్టేవాళ్ల దగ్గరుండే ఆరె, నాలుగు కొక్కేలు ఉండాల్సిందే. చెయిన్లు వచ్చి బెల్టులు పోయాక ఆరెతో పనిలేకపోయింది. దాని చోట్లో చెయిన్ లాకు వచ్చి కూర్చుంది. ఈ సంచి కథంతా ఇలాగే నడుస్తుంది. బండిలో ఏది ముందు చెడుతుందో దానికి తగ్గ వస్తువు లోపలికొస్తుంది. ఆ చెడుపు తీరగానే వస్తువు కూడా బయటికి పోతుంది.

సంచి మాత్రం మోటారు సైకిల్ సొంత సొమ్ము కాదు, సైకిల్ నుంచి వచ్చిన వారసత్వం. 1888లో బెల్ఫాస్టులో డన్‌లప్ గాలి టైరు చేశాక సైకిలు తొక్కేవాడికి సుఖం, కష్టం ఒకేసారి వచ్చాయి. ఆ టైరుని చక్రానికి జిగురుతో అతికించేవారు. మరుసటి ఏడు ఫ్రాన్సులోని క్లెర్మో ఫెరాఁలో రబ్బరు సామాన్ల ఫ్యాక్టరీ నడుపుతున్న మిషెలిన్ సోదరుల దగ్గరికి ఒక సైకిలాయన పంక్చరైన టైరు తెచ్చాడు. ఊడదీసి అతికించడానికి మూడు గంటలు, జిగురు ఆరడానికి ఒక రాత్రి పట్టాయి. తెల్లారి ఎదువార్ మిషెలిన్ దాన్నెక్కి కాస్త దూరం వెళ్లేసరికి మళ్లీ గాలి పోయింది. ఆ విసుగులోంచి పుట్టిందే 1891 నాటి ఊడదీసే టైరు. అదే ఏడు ప్యారిస్-బ్రెస్ట్-ప్యారిస్ పందెంలో షార్ల్ తెరోఁ దానితోనే గెలిచాడు. చేత్తో ఊడదీసే టైరు వచ్చాక టైరు లివర్లు, ప్యాచీలు, సొల్యూషన్ ట్యూబు, గాలి పంపు ప్రతి సవారీ వెంట నడిచాయి. నూరేళ్లకు పైగా వాటిని ఎవరూ కదపలేకపోయారు.

సైకిలు పందేలకి ఇంకో పట్టుదల ఉండేది. చెడితే సవారీయే బాగు చేసుకోవాలి, ఇంకొకరి చెయ్యి తగలకూడదు. 1913 టూర్ ద ఫ్రాన్స్‌లో తూర్మలే కనుమ దిగుతుండగా యుజేన్ క్రిస్టాఫ్ సైకిలు ముందు ఫోర్కు విరిగింది. సైకిలు భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి, ఒక ఊళ్లో కమ్మరి కొలిమి దొరికితే తనే ఇనుము కాల్చి అతుకు వేసుకున్నాడు. కొలిమి తిత్తి ఊదిన పిల్లాడి సాయం తీసుకున్నందుకు అధికారులు జరిమానా వేశారు! మోటారు సైకిలు వాళ్లకి ఇంత కఠినమైన నియమం లేదుగానీ, ఎడారిలో ఎవరూ దొరకనప్పుడు నియమం లేకున్నా ఉన్నట్టే. 1934 డిసెంబరు 11న థెరిసా వాలక్, ఫ్లోరెన్స్ బ్లెంకిరన్ అనే ఇద్దరు స్త్రీలు 600 సీసీ పాంథర్‌కి సైడ్‌కారు, దాని వెనక ట్రైలరు కట్టుకుని లండన్ నుంచి దక్షిణాఫ్రికాలోని కేప్ టౌనుకి బయల్దేరారు. సహారా దాటుతూ అగాడెజ్ ఊరు చేరే దారిలో ఇంజను పోయింది. వాలక్ ఇంజనీరింగు చదివిన మనిషి. ఆ ఇంజనుని విప్పి, మళ్లీ కట్టింది. 1935 జులైలో కేప్ టౌను చేరారు. వాళ్ల ట్రైలరులో ఏమేం ఉన్నాయన్నది అలా ఉంచితే, వాటిని వాడే చెయ్యి కూడా బండితో పాటే వెళ్లింది.

ఇక పానాల సంగతి. పాత బళ్ల నట్లు ఒక్కో కంపెనీవి ఒక్కో కొలత. ఎన్ని పానాలని మోస్తాం? ఈ చిక్కుకి స్వీడన్‌లోని ఎన్‌షోపింగ్ ఊళ్లో పెటర్ యొహాన్సన్ 1892లో ఒక జవాబు పేటెంటు చేయించాడు. బొటనవేలితో చక్రం తిప్పితే నోరు తెరుచుకునే, మూసుకునే స్క్రూ పానా. బాకో పేరుతో ప్రపంచమంతా అమ్ముడైంది. చాలామంది సంచిలో మొదట పెట్టేది అదే. ఒకటి ఉంటే అన్నీ ఉన్నట్టే అనుకుంటారు. నేను ఒప్పుకోను. గట్టిగా పట్టిన నట్టు మీద దాని దవడ కొంచెం వదులుతుంది, నట్టు ఆరు మూలలూ గుండ్రంగా అరిగిపోతాయి, ఆ తర్వాత సరైన పానా తెచ్చినా పట్టదు. రెండో చేతిగా, అవతలి వైపు బోల్టు తిరక్కుండా పట్టుకోడానికి మాత్రం దానికి మించింది లేదు.

సరైన పానా అంటే ఏది అనే ప్రశ్న మన దగ్గర చాలాకాలం తేలలేదు. మర కొలతలన్నీ ఒక పద్ధతిలో ఉండాలని 1841లో ప్రతిపాదించింది ఇంగ్లీషు ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్. ఆయన పద్ధతిలో పానా మీద చెక్కే అంకె పానా నోటి కొలత కాదు, బోల్టు కాడ లావు. పావంగుళం అని రాసున్న విట్‌వర్త్ పానా నోరు నిజానికి 0.525 అంగుళాలు, అంటే 13.3 మిల్లీమీటర్లు. దానికి తగ్గ నట్టు మీద 13 పానా ఎక్కదు, 14 పానా వదులుగా తిరుగుతుంది. 1955లో మద్రాసు మోటార్స్, ఇంగ్లండు రెడ్డిచ్‌లోని రాయల్ ఎన్‌ఫీల్డ్ చేతులు కలిపి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టి, తిరువొత్తియూరులో బుల్లెట్లు బిగించడం మొదలుపెట్టాయి. ఆ బళ్లతో పాటు ఆ కొలతలూ వచ్చాయి. సరిగ్గా ఆ ఏళ్లలోనే దేశం మెట్రిక్ దారి పట్టింది. 1956లో చట్టం వచ్చింది, 1957లో నయా పైసలొచ్చాయి, ఆ వెనకే శేర్లు, వీశెలు పోయి కిలోలొచ్చాయి. కిరాణా కొట్టువాడు తూకపు రాళ్లు మార్చుకున్నాడు. బుల్లెట్ మేస్త్రీ మాత్రం రెండు సెట్ల పానాలూ ఉంచుకోవాల్సి వచ్చింది. దారిలో బుల్లెట్ ఆగిపోయినవాడికి దొరికిన చిన్న ఊరి షెడ్డులో సరైన సెట్టు ఉంటే అదృష్టం, లేకపోతే మూలలు అరిగిన నట్టే మిగిలేది.

1960ల మొదట్లో మైసూరులో ఐడియల్ జావా, ఉత్తరాదిన ఎస్కార్ట్స్ వాళ్ల రాజ్‌దూత్ బయటికొచ్చాయి. రెండూ టూ స్ట్రోకులే. పెట్రోల్లో ఆయిలు కలిపి పోసుకోవాలి. ఆ ఆయిలు పూర్తిగా కాలక ప్లగ్గుకి మసి పట్టేది, రెండు మొనల మధ్య మసి వంతెన కట్టిందంటే నిప్పురవ్వ రాదు. అప్పటి సంచి చూస్తే ఈ రోగమే కనిపిస్తుంది. గొట్టం లాంటి ప్లగ్ పానా, దాన్ని తిప్పే టామీ రాడ్డు, గుడ్డముక్కలో చుట్టిన స్పేరు ప్లగ్గు, మడిచిన ఉప్పుకాగితం. ఉప్పుకాగితానికి ఇంకో పని కూడా ఉండేది. మేస్త్రీలు సీబీ పాయింటు అనే చిన్న స్విచ్చు ఇంజను తిరిగినప్పుడల్లా తెరుచుకుని మూసుకుంటూ నల్లబడిపోయేది. దాన్ని రుద్ది, మధ్య సందు సుమారు 0.4 మిల్లీమీటర్లకి సరిపెట్టాలి. ఫీలర్ గేజి ఎవరి దగ్గరుంటుంది? మందపాటి విజిటింగ్ కార్డు దూర్చి, కాస్త పట్టి లాగినట్టుంటే చాలనేవారు. మర్నాటికీ బండి నడిచేది. అదే రోజుల్లో స్కూటరు వాళ్లు స్టెప్నీ తగిలించుకుని, చక్రం మార్చుకుని నిశ్చింతగా వెళ్లిపోతుంటే మోటారు సైకిలు వాళ్లు రోడ్డు పక్క ట్యూబు లాగుతూ చూసేవారు.

1984లో ఇండ్-సుజుకి, 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడు యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చాక సంచి పూర్తిగా మారింది. జపాను వాళ్ల లెక్కలో 6 మిల్లీమీటర్ల బోల్టుకి 10 పానా, 8కి 12, 10కి 14, 12కి 17. ఈ నాలుగు అంకెలు వస్తే బండి దాదాపు మొత్తం విప్పొచ్చు. యూరప్ లెక్కలో 8 మిల్లీమీటర్ల బోల్టుకి 13 పానా. అందుకే ఒక బండి సంచి ఇంకో బండికి పనికిరాదు. ప్లగ్గులో కూడా అంతే. 14 మిల్లీమీటర్ల మర ఉన్న లావుపాటి ప్లగ్గుకి 21 పానా, 10 మిల్లీమీటర్ల మర ఉన్న సన్నదానికి 16. బజారులో ప్లగ్ పానా అని అడిగి ఏదో ఒకటి తెచ్చుకుంటే అవసరం వచ్చినప్పుడు అది ఉత్త గొట్టమే.

స్క్రూల విషయంలో జపాను బళ్లు మనవాళ్లని బాగా ఏమార్చాయి. అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ 1930లలో వాడుకలోకి తెచ్చిన ప్లస్ ఆకారపు గాడిని పోలి ఉంటుంది జపాను గాడి, కానీ అదే కాదు. ఫిలిప్స్ డ్రైవరు జపాను స్క్రూలో అడుగుదాకా దిగదు. కాస్త బలం పెట్టగానే పైకి జారి గాడి చెక్కేస్తుంది. ఆర్‌ఎక్స్ 100 ఇంజను పక్క కవరు మీద తల పోయిన స్క్రూలు కనిపించని షెడ్డు లేదనుకుంటా. కంపెనీ సంచిలో ఇచ్చిన డ్రైవరు సరిగ్గా ఆ గాడి కోసం చేసిందే. చూడ్డానికి చవకగా ఉందని దాన్ని పక్కన పడేసి, బయట మంచి డ్రైవరు కొని స్క్రూలు పాడుచేసుకున్నవాళ్లు ఎందరో. కొన్ని జపాను స్క్రూల తలమీద చిన్న చుక్క ఉంటుంది, గుర్తు పట్టడానికి అదొక ఆనవాలు.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చాక సీబీ పాయింటు పోయింది, ఉప్పుకాగితం, విజిటింగ్ కార్డు కూడా పోయాయి. అలాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు రావడంతో మిషెలిన్ కాలం నాటి లివర్లు కూడా చాలా బళ్లలో సెలవు తీసుకున్నాయి. మేకు దిగినా గాలి మెల్లగా దిగుతుంది. మేకు లాగి, రంధ్రాన్ని ఆకురాయి పుల్లతో గరుకు చేసి, జిగురు పట్టీ సూదితో దూర్చి, గాలి కొడితే పావుగంట పని. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 కాలుష్య నియమాలు వచ్చాయి, కార్బొరేటర్ దాదాపు కనుమరుగై దాని చోట ఫ్యూయల్ ఇంజక్షన్ వచ్చింది, సీటు కింద ఎర్రటి ఆరు పిన్నుల సాకెట్ వెలిసింది. అక్కడ పానాతో పనిలేదు, షోరూములోని స్కానరు కావాలి. ఇంజక్షన్ బండిలో బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే రెండో గేరులో తోసినా లాభం లేదు, పెట్రోలు పంపు తిరగడానికే కరెంటు కావాలి. కాబట్టి ఇప్పుడు సంచిలోకి కొత్తగా చేరాల్సినవి రెండు మూడు ఫ్యూజులు, బ్యాటరీ బిగింపులకి సరిపోయే స్క్రూ డ్రైవరు. కంపెనీలకీ ఈ సంగతి తెలుసు. అందుకే వాళ్లిచ్చే సంచి ఏటేటా బక్కచిక్కుతోంది. రేకు వంచి చేసిన ఓ రెండు పానాలు, తిరగేసి పెట్టుకునే స్క్రూ డ్రైవరు, ప్లగ్ పానా. సర్వీసుకి ఇచ్చి తెచ్చుకున్నాక అవి కూడా ఉన్నాయో లేదో ఓసారి చూసుకోవడం మంచిది.

మరి సొంతంగా కూర్చుకునేవాడు ఏం పెట్టుకోవాలి? దుకాణంలో నూటెనిమిది ముక్కల పెట్టె చూసి మురిసిపోవద్దు. ఒక ఆదివారం ఇంటి ముందే బండి నిలబెట్టి వెనక చక్రం ఊడదీసి, ప్లగ్గు విప్పి, బ్యాటరీ తీసి, క్లచ్ కేబుల్ మార్చి చూడండి. ఆ పూట చేతికొచ్చిన పానాలే మీ సంచి, మిగతావి బరువు. స్పోకుల చక్రాల్లో చాలావాటికి ఇప్పటికీ ట్యూబే. లివర్లు, ట్యూబు, పంపు అన్నీ పెట్టుకుని వెనక ఇరుసు నట్టు పానా మరిచిపోతే ఏమీ లేనట్టే, ఎందుకంటే ఆ నట్టు పెద్దది, స్క్రూ పానాకి లొంగదు. నాణ్యం కోసం సీమ సరుకు వెతకక్కర్లేదు. నాసిక్ తపారియా పానాలు, జలంధర్‌లో తయారయ్యే మంచి రకాలు సికింద్రాబాదు రాణీగంజ్‌లోనూ విజయవాడ ఆటోనగర్ చుట్టుపక్కలా దొరుకుతాయి. ఒక వైస్ గ్రిప్ ఉండాలి. అమెరికాలోని నెబ్రాస్కాలో విలియం పీటర్సన్ అనే కమ్మరి 1920లలో చేసిన పట్టకారు అది, నొక్కితే తాళం పడినట్టు పట్టేస్తుంది. విరిగిన గేరు రాడ్డు మొండెం మీద బిగిస్తే ఊరు చేరేదాకా అదే గేరు రాడ్డు. టిమ్ లెదర్‌మన్ 1975లో పాత ఫియట్‌లో యూరప్ తిరుగుతూ పడ్డ పాట్లలోంచి ఊహించిన మల్టీటూల్ కూడా ముద్దుగా ఉంటుంది, తీగలు కోయడానికి బాగుంటుంది, నట్ల జోలికి మాత్రం దాన్ని పంపొద్దు. వీటికి తోడు ఇన్సులేషన్ టేపు, రెండు మూరల కట్టుతీగ, ఒక చెయిన్ లాకు. లాకు క్లిప్పు మూసివున్న కొస చెయిన్ కదిలే వైపుకే ఉండాలి, తిరగేస్తే దారిలోనే ఊడిపోతుంది.

లదాఖ్ వెళ్లే మన కుర్రాళ్లు మనాలీ దాటాక తాండి పెట్రోలు బంకు దగ్గర ఫొటో దిగుతారు. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని చెప్పే బోర్డు అక్కడ ప్రసిద్ధం. ఆ దారిలో తరచూ తెగేది క్లచ్ కేబుల్. అందుకని అనుభవమున్నవాళ్లు కొత్త కేబుల్ని సంచిలో పెట్టరు. ఇంటి దగ్గరే పాతదాని పక్కన అదే దారిలో పరిచి, అక్కడక్కడ టేపు చుట్టేస్తారు. పాతది తెగితే ట్యాంకు ఎత్తక్కర్లేదు, పైనా కిందా రెండు కొసలు మార్చుకుంటే చాలు. దానికి కావలసినవి ఒక ప్లయరు, ఒక 10 పానా.