బడికి ముందే పాట: పావగడ సీమలో పసిపిల్లలకు సంగీత పరిచయం

పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోనిదే అయినా, దానికి మూడు వైపులా ఉన్నది ఆంధ్రప్రదేశ్ నేలే. ఇక్కడ అనేక ఇళ్లలో మాట్లాడే భాష తెలుగు, బడిలో నేర్పే భాష కన్నడం, తల్లిదండ్రులు కోరుకునేది ఇంగ్లీషు. ఇటువంటి చోట మూడేళ్ల బిడ్డకు సంగీతాన్ని ఏ భాషలో, ఏ విధంగా పరిచయం చేయాలి? ఇది కేవలం కళకు సంబంధించిన ప్రశ్న అనుకోకండి. బడిలో తెలుగు అక్షరం దొరకని పిల్లలకు, తెలుగు పాట కూడా దొరకకపోతే ఇక మిగిలేదేమిటి? ఈ ప్రశ్నకు మన ప్రాంతపు చరిత్ర కొంత సమాధానం చెబుతుంది.

నేటి అనంతపురం ప్రాంతం 1882 వరకు బళ్లారి జిల్లాలో భాగంగా ఉండేది. పావగడ మైసూరు సంస్థానంలో ఉన్నా, దాని ఇరుగుపొరుగు ఆ జిల్లాయే. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ అక్కడి బడులను లెక్కించి ప్రభుత్వానికి నివేదిక పంపాడు. మొత్తం 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. అందులో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. సరిహద్దు సీమలో రెండు భాషలూ సరిసమానంగా నడిచాయని ఈ అంకెలే చెబుతున్నాయి.

ఆ నివేదికలో మనకు పనికివచ్చే విషయాలు రెండున్నాయి. మొదటిది, బిడ్డను బడిలో వేసేది సాధారణంగా ఐదో ఏట. రెండవది, పిల్లలు ఎన్నో పద్యాలను కంఠస్థం చేసి అప్పజెప్పేవారు గాని, వాటి అర్థం వారికి చిలుకకు తెలిసినంతే తెలుసునని ఆయన విమర్శ. పుస్తకాల భాష వేరు, ఇంటి భాష వేరు కావడమే దానికి కారణమని ఆయన గుర్తించాడు.

మరి ఐదేళ్లు నిండే దాకా బిడ్డ ఏం నేర్చుకునేది? ఆ కాలమంతా ఇంటిది. తల్లి జోలపాటలో విలంబ గతి ఉంది. తారంగం ఆడించేటప్పుడు కొట్టే చప్పట్లలో తాళం ఉంది. చెమ్మచెక్కలో ఎదుటివారి చేతికి తన చేయి కలిపే లయ ఉంది. సంక్రాంతి గొబ్బిళ్ల చుట్టూ తిరిగే పాటలో అడుగు, గొంతు ఒకటవుతాయి. చెక్క భజనలో ఒకరు అందిస్తే పదిమంది అందుకుంటారు. ఇవన్నీ ఇంటి భాషలోనే జరిగేవి కనుక, క్యాంప్‌బెల్ చెప్పిన చిలుక చదువు బెడద వీటికి లేదు. బిడ్డ అర్థాన్ని, రాగాన్ని కలిపే గ్రహించేది.

ఇటువంటి ఇంటి చదువు ఎంత దూరం తీసుకుపోగలదో తెలుసుకోవాలంటే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారిని తలచుకోండి. ఆయన 1893లో పుట్టిన రాళ్లపల్లి గ్రామం పావగడకు ఉత్తరాన, కంబదూరు ప్రాంతంలో ఉంది. ఇంట్లోనే తండ్రి వద్ద సంస్కృతాంధ్రాలు, తల్లి అలమేలుమంగమ్మ గారి వద్ద సంగీతం నేర్చారు. తరువాత మైసూరు వెళ్లి బిడారం కృష్ణప్ప గారి వద్ద గాత్రం అభ్యసించారు. 1912లో మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పండితులుగా చేరి దశాబ్దాల పాటు కన్నడ దేశంలో తెలుగు చెప్పారు. తిరుపతిలో అన్నమయ్య సంకీర్తనలకు స్వరాలు కూర్చారు. 1974లో సంగీత కళానిధి బిరుదు పొందారు. ఆయన వంటి విద్వాంసుడికి సైతం తొలి పాఠం ఇంట్లోనే, తల్లి నోటనే దొరికింది.

ఇరవయ్యో శతాబ్దంలో ఇల్లు చేసే ఈ పనిలో ఇతరులూ చేయి కలిపారు. 1940లో మద్రాసులో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు బాలానంద సంఘాన్ని స్థాపించారు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యగా వారు పిల్లల పాటలను ఊరూరికీ చేర్చారు. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలై అంగన్‌వాడీలు వచ్చాయి. ఆట, పాట అక్కడి పాఠంలో భాగమయ్యాయి. అయితే, 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో బోధన గురించి చెప్పినా, అది ప్రాథమిక దశకు సంబంధించినది. అంతకు ముందు వయసులో తెలుగు పాట బిడ్డ చెవిన పడుతుందా లేదా అన్నది మన చేతిలోనే ఉంది.

కనుక తల్లిదండ్రులారా, మూడేళ్ల బిడ్డను సరళీ స్వరాల ముందు కూర్చోబెట్టడానికి తొందరపడకండి. మాటలు వచ్చిన తరువాతే అక్షరాలు దిద్దిస్తాం కదా! స్వరాలూ అంతే. ముందు చెవికి పాటలు నిండనివ్వండి. రోజూ పది నిమిషాలు చాలు. ఫోనులో పెట్టి వదిలేయక, మీ గొంతుతోనే పాడండి. గొంతు బాగుండకపోయినా బిడ్డకు పట్టింపు లేదు. చప్పట్లతో తాళం వేయించండి. ఒక పాటనే పదిసార్లు అడిగితే పదిసార్లూ పాడండి.

కన్నడ పాటలను దూరం పెట్టమని నా ఉద్దేశం కాదు. సరళీ వరుసలను, అలంకారాలను మాయామాళవగౌళ రాగంలో ఏర్పరచింది కన్నడ వాగ్గేయకారుడు పురందరదాసులని సంప్రదాయం చెబుతుంది. తెలుగు పిల్లలు సంగీతం మొదలుపెట్టేది వాటితోనే. అంగన్‌వాడీలో కన్నడ పాట నేర్చిన బిడ్డ ఇంటికి వచ్చి తెలుగు పాట పాడితే రెండు భాషలూ నిలుస్తాయి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. మీ ఊరిలో అవ్వలు ఇంకా పాడుతున్న జోలపాటలు, గొబ్బి పాటలు, ఆటపాటలు వారి నోట విని రాసిపెట్టండి. వీలైతే రికార్డు చేయండి. ఆ అవ్వలనే వారానికి ఒకనాడు పిల్లల వద్దకు పిలిచి పాడించండి. తెలుగు పాఠ్యపుస్తకం లేని చోట మన పిల్లలకు తొలి వాచకం ఆ పాటలే.