బ్రేకు తీగ హ్యాండిలులోకి చేరిన దారి

ఆకివీడు కొల్లేటికి తూర్పున, ఆ సరస్సు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేటికి చేరువలో ఉన్న ఊరు. ఆ చుట్టుపట్ల చెరువుగట్ల మీదా, లంక గ్రామాల దారుల్లోనూ పాల క్యాన్లను, మేత బస్తాలను దశాబ్దాల పాటు మోసిన నల్లని పెద్ద సైకిలుకు బ్రేకు తీగ అన్నదే లేదు. దాని బ్రేకు మొత్తం ఇనుప కడ్డీల అమరిక. నేటి ఖరీదైన పందెపు సైకిలులో బ్రేకు తీగ స్థానంలో వచ్చిన ద్రవపు గొట్టం హ్యాండిలు లోపలే దాగి కంటికి కనబడకుండా పోయింది. ఈ రెండు ఏర్పాట్ల నడుమ నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

కడ్డీ బ్రేకులో పిడిని నొక్కితే దాని కదలిక హ్యాండిలు కింది కీలు ద్వారా నిలువు కడ్డీకి చేరి, రికాబు ఆకారంలో ఉన్న కమ్మీని పైకి లాగుతుంది. ఆ కమ్మీ చివరనున్న రబ్బరు కట్టలు చక్రపు అంచును ఇరుసు వైపు నుంచి ఒత్తి పట్టుకుంటాయి. వెనుక చక్రానికైతే మరో కడ్డీ ఫ్రేము కింది గొట్టం వెంట పెడల్ ఇరుసు దాకా వెళ్లి, అక్కడ మరో కీలు దగ్గర మలుపు తిరగాలి. కడ్డీ వంగదు, హ్యాండిలు మాత్రం తిరుగుతూనే ఉండాలి. ఈ ఇబ్బంది నుంచి తప్పించినది లండన్‌లో ఎర్నెస్ట్ మొన్నింగ్టన్ బౌడెన్ 1896లో పేటెంటు పొందిన వంగే తీగ (రాలీ కంపెనీ స్థాపకుడు ఫ్రాంక్ బౌడెన్ వేరు, ఈయన వేరు). ఉక్కు చుట్టతో చేసిన తొడుగు నొక్కుడును భరిస్తుంది, లోపలి తీగ లాగుడును మోస్తుంది. అందుచేత తొడుగు ఎటు తిరిగినా చేతి బలం చక్రాన్ని చేరుతుంది.

అయితే ఆ బలం మొత్తంగా చేరదు. తీగకూ తొడుగుకూ మధ్య ఘర్షణ వంపుల మొత్తం కోణాన్ని బట్టి పెరుగుతుంది: ఘర్షణ గుణకం 0.1 అనుకుంటే 90 డిగ్రీల వంపులో సుమారు 15 శాతం, 180 డిగ్రీలలో 27 శాతం బలం దారిలోనే పోతుంది. తీగను హ్యాండిలులోకి దూర్చడం ఎందుకు అంత ఆలస్యమైందో ఈ లెక్కే చెబుతుంది. బ్రేకు పిడిని హ్యాండిలు కొసకు బిగించి, తీగను గొట్టంలోంచి నడిపే పద్ధతి 1920లు, 30ల నాటి బ్రిటిష్ మోటారు సైకిళ్లకే ఉండేది. కానీ పలుచని సైకిలు గొట్టానికి రంధ్రం పెడితే అక్కడ అది బలహీనపడుతుంది, రంధ్రపు అంచు తొడుగును కోస్తుంది, ఆపైన ప్రతి వంపూ చేతికి భారమే.

1980ల తొలినాళ్లలో జపాన్ సంస్థ షిమానో, గాలి నిరోధాన్ని తగ్గించే ఉద్దేశంతో తెచ్చిన ఏఎక్స్ శ్రేణిలో, బ్రేకు పిడి నెత్తిన పైకి లేచే తీగను హ్యాండిలు టేపు కిందికి దించింది. తొడుగుల లోపలి గోడకు నున్నని ప్లాస్టిక్ పూత వచ్చాక ఘర్షణ భయం తగ్గింది. 2009లో అదే సంస్థ ఎలక్ట్రానిక్ గేర్లతో గేరు తీగల అవసరాన్ని తప్పించింది. 2018లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య రోడ్డు పందేలలో డిస్కు బ్రేకులను శాశ్వతంగా అనుమతించడంతో, వంపు ఎక్కువైనా ఒత్తిడిని కోల్పోని ద్రవపు గొట్టం తీగ స్థానంలోకి వచ్చింది. తీగ అడ్డు తొలగిన తర్వాతే హ్యాండిలు, దాని మెడ, ఫోర్కు బేరింగు అన్నిటి గుండా మార్గం సుగమమైంది.

దీనికి చెల్లించే మూల్యం మరమ్మతు వేళ తెలుస్తుంది. అటువంటి సైకిళ్లలో చాలావాటికి మెడ దగ్గరి బేరింగు మార్చాలంటే బ్రేకు గొట్టాన్ని విడదీసి, మళ్లీ ద్రవం నింపి, గాలి బుడగలు తీయాలి. కడ్డీ బ్రేకుకైతే ఒక స్పానరు చాలు; ఎక్కడ వదులైందో కంటికి కనబడుతుంది. బురద నిండిన కొల్లేటి నేలలో తీగ తొడుగులోకి చేరిన తడి లోలోపలే తుప్పుగా మారి, తీగ తెగే దాకా బయటికి కనబడదు; కడ్డీకి పట్టిన తుప్పును గుడ్డతో తుడిచి, నూనె చుక్క వేసి ఆపవచ్చు. భారతీయ కంపెనీలు పెద్ద సైకిలును ఇంకా కడ్డీ బ్రేకుతోనే తయారు చేస్తుండటానికి ధర ఒక్కటే కారణం కాదు.