బొర్రాలో నీళ్లు 100 డిగ్రీలకి మరగవు: ఒక నంబర్ వెనక కథ

ఈ ఎపిసోడ్ ఒక నంబర్ గురించి. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. స్కూల్లో బట్టీ పట్టిన నంబరే, కదా? ఇప్పుడు వైజాగ్‌లో కిరండూల్ ట్రైన్ ఎక్కి బొర్రా గుహలు స్టేషన్‌లో దిగండి. గిన్నెలో నీళ్లు కాచి మంచి థర్మామీటర్ పెట్టండి. 97న్నర దాటి కాస్త పైకెళ్లి ఆగిపోతుంది. మంట ఎంత పెంచినా ఆవిరి ఎక్కువొస్తుందే తప్ప రీడింగ్ కదలదు.

థర్మామీటర్ పాడవలేదు. గుహలు సముద్ర మట్టానికి సుమారు 705 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. ఎత్తుకి వెళ్లేకొద్దీ మన నెత్తి మీద ఉండే గాలి తగ్గుతుంది. వైజాగ్ బీచ్‌లో గాలి ఒత్తిడి సుమారు 760 మిల్లీమీటర్ల పాదరసం అయితే, బొర్రాలో 700 చుట్టుపక్కల ఉంటుంది. ద్రవం లోపలి ఆవిరి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడితో సమానమైతే దాన్నే మరగడం అంటాం. బయట తోసేది తక్కువైతే లోపలిది తొందరగా గెలుస్తుంది. అంతే.

ఎత్తు ఒక్కటే కాదు, వాతావరణం కూడా లెక్కే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వైజాగ్ దగ్గర తీరం దాటింది కదా, దాని కేంద్రంలో ఒత్తిడి సుమారు 950 హెక్టోపాస్కల్స్. అప్పుడు ఆ కేంద్రంలో ఎవరైనా టీ పెట్టుకుని ఉంటే (పెట్టుకునే పరిస్థితి లేదనుకోండి) లెక్క ప్రకారం నీళ్లు 98 దాటగానే మరిగిపోయేవి. సముద్రం ఒడ్డునే!

ఈ సంగతి మనుషులకి ఎలా తెలిసింది? 1724 నాటికే ఫారన్‌హీట్ గమనించాడు, గాలి ఒత్తిడి మారితే మరిగే పాయింట్ మారుతోందని. 1742లో స్వీడన్‌లో ఆండర్స్ సెల్సియస్ తన స్కేల్ ప్రకటించాడు. అందులో నీళ్లు మరిగేది 0 దగ్గర, గడ్డకట్టేది 100 దగ్గర. అవును, తలకిందులు! ఆయన పోయాక తిప్పేశారు. అయితే ఆయన ఒక జాగ్రత్త తీసుకున్నాడు. మరిగే పాయింట్ అంటే బారోమీటర్ ఫలానా ఎత్తులో ఉన్నప్పుడు మాత్రమే అని ముందే షరతు పెట్టాడు. మన బుర్రలోకి నంబర్ వచ్చింది, షరతు దారిలో పడిపోయింది.

తర్వాత లండన్‌లో పెద్ద గొడవే అయింది. పేరున్న వాళ్లు చేసిన థర్మామీటర్లు కూడా మరిగే పాయింట్ దగ్గర ఒకదానితో ఒకటి రెండు మూడు ఫారన్‌హీట్ డిగ్రీలు తేడా చూపించేవి. అసలు మరగడం అంటే ఏంటి? చిన్న బుడగలు మొదలైనప్పుడా, కుతకుతలాడినప్పుడా? రాయల్ సొసైటీ హెన్రీ కావెండిష్ ఆధ్వర్యంలో ఏడుగురితో కమిటీ వేసింది. 1777లో వాళ్లు ఇచ్చిన సలహా ఏంటంటే, థర్మామీటర్‌ని నీళ్లలో ముంచకండి, పైన ఆవిరిలో పెట్టండి, బారోమీటర్ 29.8 అంగుళాలు ఉన్నప్పుడు గుర్తు పెట్టండి. నాకు ఈ రిపోర్ట్ బాగా నచ్చుతుంది. "మరగడం" అనే మామూలు మాటకి కూడా స్పెసిఫికేషన్ రాసుకోవాల్సి వచ్చింది మరి.

మన కాలేజీ ల్యాబుల్లో చేసే టెస్ట్ కూడా ఇదే ఐడియా. సన్న ట్యూబులో కొంచెం ద్రవం పోసి, ఒక చివర మూసేసిన గాజు కేపిలరీని తలకిందులుగా అందులో ముంచి, వేడి చేస్తాం. బుడగలు వరసగా దండలా వస్తాయి. అప్పుడు మంట తీసేయాలి. బుడగలు ఆగి ద్రవం కేపిలరీలోకి ఎక్కే క్షణం ఉంటుంది చూడండి, అక్కడి రీడింగే మరిగే పాయింట్. ఎందుకంటే సరిగ్గా ఆ క్షణంలో లోపలి ఆవిరి, బయటి గాలి సమానం. 1886లో సివోలోబాఫ్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రచురించిన పద్ధతి ఇది. ద్రవం కొన్ని చుక్కలు చాలు.

ఇప్పుడు దీన్నే తిరగేద్దాం. ఒత్తిడిని బట్టి మరిగే పాయింట్ మారుతుంది అంటే, మరిగే పాయింట్ చూసి ఒత్తిడి చెప్పొచ్చు. ఒత్తిడి తెలిస్తే ఎత్తు తెలిసినట్టే! 1817లో వొలాస్టన్ ఇందుకోసం ప్రత్యేకంగా ఒక థర్మామీటర్ చేశాడు. ఘాట్ రోడ్లలో పొడుగాటి పాదరసం బారోమీటర్ మోయడం అంటే ఎంత కష్టమో ఊహించండి, ఎక్కడో ఒకచోట గాజు పగులుతుంది. దాని బదులు చిన్న గిన్నె, కొన్ని నీళ్లు, ఒక థర్మామీటర్. కుమావూన్ కొండల స్కూల్ టీచర్ నైన్ సింగ్ రావత్ 1866లో యాత్రికుడి వేషంలో లాసా చేరి, నీళ్లు మరిగించి ఆ ఊరి ఎత్తు లెక్కకట్టాడు. సామాన్లలో థర్మామీటర్ దొరికితే ప్రాణం పోయే పని.

మన లైన్‌లో అంత రిస్క్ లేదు. బొర్రా దాటాక శిమిలిగూడ స్టేషన్ వస్తుంది, ఒకప్పుడు దేశంలోనే ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్ అని పేరు. ఎత్తు 996.32 మీటర్లు. సుమారు 300 మీటర్లకి ఒక డిగ్రీ తగ్గించుకుంటే 96.7 వస్తుంది. అరకులో 97. కాఫీ ప్రియులు కంగారు పడకండి, ఫిల్టర్‌కి 90 నుంచి 96 చాలు.

"బ్రో, బొర్రా నీళ్లలో సున్నం ఉంటుంది కదా, దానివల్లేమో?" అంటారేమో. మంచి డౌటే. ఉప్పు, సున్నం లాంటివి కరిగితే మరిగే పాయింట్ నిజంగానే మారుతుంది, కానీ పెరుగుతుంది. అదీ లీటరుకి కొన్ని వందల మిల్లీగ్రాముల సున్నానికి డిగ్రీలో వందో వంతు కూడా రాదు. ఆ సున్నం వేరే చోట కనిపిస్తుంది. అలాంటి నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్ల పొర కడుతుంది చూశారా? నీళ్లలోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి సున్నపురాయి మిగలడం అది. గుహ కప్పు నుంచి వేలాడే రాతి ఊడలు కూడా అదే రియాక్షన్, మంట లేకుండా, వేల ఏళ్ల పాటు.

గుహల గురించి అన్నాను కాబట్టి ఇంకో నంబర్. 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన విలియం కింగ్ జార్జ్ వీటిని కనిపెట్టాడని చాలా చోట్ల రాస్తారు. ఆ సంస్థ పుట్టిందే 1851లో! రెండూ ఒకేసారి నిజం కాలేవు. పైగా అక్కడే పశువులు మేపుకుంటూ బతికే ఆదివాసీలకి గుహ తెలియక కాదు కదా.

సరే, ల్యాబ్‌కి వద్దాం. అరకు లోయలో ఇంటర్ చదివే అమ్మాయి ఒకరు అసిటోన్ టెస్ట్ చేసిందనుకోండి. పుస్తకంలో 56 డిగ్రీలు, తనకి 53న్నర వచ్చింది. పక్కవాళ్లు 56 వేసేయ్ అంటారు. మార్కులూ దానికే పడతాయి. కానీ కరెక్ట్ రీడింగ్ తనదే. సవరణ కూడా ఈజీ. 760లోంచి అక్కడి ఒత్తిడి తీసేయండి, వచ్చినదాన్ని కెల్విన్‌లో ఉన్న మరిగే పాయింట్‌తో గుణించండి, మళ్లీ 0.00012తో గుణించండి. అరకు ఒత్తిడి 681 అనుకుంటే మూడు డిగ్రీల చిల్లర వస్తుంది, అది కలిపితే దాదాపు 56.6. థర్మామీటర్ అర డిగ్రీ అటూ ఇటూ ఉన్నా, పుస్తకం మాట, తన మాట కలిసినట్టే. రికార్డులో ఇలా రాయాలి: 53.5 డిగ్రీలు, 681 మిల్లీమీటర్ల దగ్గర. ఆ రెండో నంబర్ లేకపోతే మొదటిది ఎవరూ చెక్ చేయలేరు.

ఫోన్లలో కొన్నింటికి బారోమీటర్ సెన్సార్ ఉంటుంది, మీ దాంట్లో ఉందేమో చూడండి. ఈసారి అరకు వెళ్తే స్టేషన్ స్టేషన్‌కీ రీడింగ్ తీసి కామెంట్లో పెట్టండి, మరిగే పాయింట్ లెక్కేసి. లంబసింగి వాళ్లు, పాడేరు వాళ్లు, మీ ఊరి నంబర్ కూడా. ఉంటాను, బై.